దక్షిణాకాశమును శోధించిన జాన్ హెర్షెల్

భూమి గోళాకారముగ నుండుటచే ఒక్కచోట నిలిచి చూచువానికి ఆకాశమంతయు కానరాదు. ఇంగ్లండునందలి స్లౌ పట్టణమువారికి దక్షిణ ధ్రువము చుట్టును 38 డిగ్రీల మేర నున్న నక్షత్రము లెన్నడును ఉదయింపవు. ఆ పట్టణముననే 1792 మార్చి 7వ తేదిన జాన్ హెర్షెల్ జన్మించెను. యురేనస్ గ్రహమును కనుగొన్న విలియం హెర్షెల్ ఇతని తండ్రి. అన్న చెంత రాత్రులెల్ల మేల్కొని లెక్కలు వ్రాసిన కరోలిన్ ఇతని మేనత్త. ఆమె స్వయముగ ఎనిమిది తోకచుక్కలను కనుగొన్న విదుషి.

జాన్ మొదట జ్యోతిశ్శాస్త్రమును కోరుకొనలేదు. కేంబ్రిడ్జిలో గణితపరీక్షయందు 1813లో ప్రథముడై నిలిచెను. కొంతకాలము న్యాయశాస్త్రమును చదివెను. రసాయనశాస్త్రమన్నను అతనికి మక్కువయే. కాని తండ్రి వృద్ధుడయ్యెను. దూరదర్శిని దర్పణములను మెరుగుపెట్టు విద్య గ్రంథములు చదివినంతమాత్రమున అబ్బునది కాదు, గురువు చెంత చేతులార నేర్వవలసినది. అందుచే 1816లో జాన్ కేంబ్రిడ్జిని విడిచి, ఇల్లు చేరి, తండ్రికి శిష్యుడయ్యెను. 1822లో విలియం గతించెను. ఆయన 2,500 నీహారికలను, నక్షత్రగుచ్ఛములను పట్టికల కెక్కించెను. అవి యన్నియు ఇంగ్లండునుండి కానవచ్చునవియే. తక్కిన యాకాశము అట్లే మిగిలిపోయెను.

తల్లి జీవించియుండగా దూరదేశమేగుటకు కుమారునకు మనసొప్పలేదు. ఆమె 1832లో మరణించెను. మరుసటి యేడు నవంబరు మాసమున భార్య మార్గరెట్‌తోను, ముగ్గురు పసిబిడ్డలతోను, 20 అడుగుల దూరదర్శినితోను అతడు ఓడ నెక్కెను. ప్రభుత్వసహాయము దొరకునదియే యైనను కొనక, సొంత ధనమునే వెచ్చించెను. పరుల సొమ్ము తిన్నవానికి తన వేళలు తనవి కావని తలంచెను కాబోలు. 1834 జనవరిలో ఆఫ్రికాఖండపు దక్షిణభాగమున నున్న కేప్‌టౌన్ రేవు చేరి, టేబుల్ పర్వతము చెంత ఫెల్డ్‌హౌసెన్ అను తోటలో దూరదర్శినిని నిలిపెను.

ఆ దేశపు రాత్రి యందము వర్ణింప దరము కాదు. మన తెలుగునాట దక్షిణపుదెస తక్కువ యెత్తున కనబడు అగస్త్య నక్షత్రము అచట నడినెత్తికి చేరువగా వెలుగును. శీతకాలమున పాలపుంతలోని మిక్కిలి కాంతివంతమగు భాగము శిరస్సుమీదుగ సాగును. పూర్వ మొక బాలిక పొయ్యిలోని బూడిదను పైకి విసరగా పాలపుంత యేర్పడెనని ఆ దేశపు సాన్ జాతివారు కథ చెప్పుకొనెడివారు. మరియొకదెస మాగెల్లాన్ మేఘములను రెండు తెల్లని మచ్చలు కలవు. అవి మబ్బుతునకలవలె నుండియు గాలికి చెదరవు. హెర్షెల్ వానిలో పెద్దదానియందే 919 నక్షత్రములను, గుచ్ఛములను, నీహారికలను వేరువేరుగ గుర్తించెను. అవి మన పాలపుంతకు వెలుపలనున్న వేరు నక్షత్రలోకములని ఆనా డెవరికిని తెలియదు.

పని మాత్రము సులభము కాదు. దర్పణము రాగి, తగరము కలిపి పోసినది. అది ఆ సముద్రతీరమున త్వరత్వరగ మాసిపోవుచుండెను. మూడు దర్పణములను తెచ్చుకొనుటచే, ఒకటి వాడుకలో నుండగా మరియొకదానిని తానే మెరుగుపెట్టుకొనుచుండెను. రాత్రివేళ ఎత్తైన మంచెపై గొట్టపు మొదట కూర్చుండి ఆకాశమును పట్టీ వెంబడి పట్టీగ శోధించెను. పగటివేళ ఆ ప్రాంతపు పూవులకు అతడు రేఖలు గీయగా మార్గరెట్ రంగులు నింపెను. అట్టి చిత్రములు నూటికి పైగా నిలిచియున్నవి.

జర్మనీయందలి హానోవరునుండి కరోలిన్ జాబులు వ్రాయుచుండెను. వృశ్చికరాశిలో తన యన్నకు కనబడిన చీకటిచోటును మరల పరీక్షింపుమని ఎనుబది దాటిన యామె మేనల్లునకు గుర్తుచేసెను. అతడు వెదకెను. చుక్కయైనను లేని రిక్తస్థలములును, దట్టమైన గోళాకార గుచ్ఛములును అచట కనబడెను.

1837 డిసెంబరు 16వ తేది రాత్రి ఒక వింత కనబడెను. నేడు ఈటా కెరీనే యను పేర పిలువబడు నక్షత్రము హఠాత్తుగ మునుపటికి మూడింతలు వెలుగుచుండెను. కొన్ని వారములు అతడు దానిని విడువక కనిపెట్టియుండెను.

1838లో హెర్షెల్ స్వదేశమునకు మరలెను. 1,707 నీహారికలు, గుచ్ఛములు, 2,102 జంట నక్షత్రములు అతని పట్టికల కెక్కెను. లెక్కలన్నియు సరిచూచి గ్రంథమును ముద్రించుటకు తొమ్మిదేండ్లు పట్టెను. 1847లో ఆ గ్రంథము కరోలిన్ చేతి కందునప్పటికి ఆమెకు 97 ఏండ్లు. అన్న మొదలిడిన పని ముగిసినట్లు కనులార చూచి, 1848 జనవరిలో ఆమె కన్నుమూసెను.

జాన్ హెర్షెల్ 1871 మే 11వ తేదిన దివంగతుడయ్యెను. అతనిని లండనునందు వెస్ట్‌మినిస్టర్ అబ్బీలో న్యూటను సమాధి చెంత ఖననము చేసిరి. ఫెల్డ్‌హౌసెన్ తోటలో దూరదర్శిని నిలిచినచోట అతని మిత్రులు రాతిస్తంభ మొకటి నెలకొల్పిరి. ఆ తోట యిపుడు లేదు. స్తంభమున్నచోట ఒక ప్రాథమిక పాఠశాల కలదు.