నవాబుగారి దూరదృష్టి



అంతరిక్షంలో తిరుగుతున్న చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ పేరు మీరు వినే ఉంటారు. 1976లో దాన్ని ప్రతిపాదిస్తే, పైకి వెళ్లింది 1999లో. ఐదేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. పాతికేళ్లు దాటినా అది పనిచేస్తూనే ఉంది. ఆకాశాన్ని చదివే పని ఇలాగే సాగుతుంది. మొదలుపెట్టేది ఒకరు, ఫలితం చూసేది మరొకరు. ఈ సంగతి మన పాతబస్తీలో ఒకాయన నూట ఇరవై ఏళ్ల క్రితమే గ్రహించారు.

ఆయన నవాబ్ జఫర్ జంగ్. ఇంగ్లండ్‌లో ఖగోళశాస్త్రం చదివిన సంపన్నుడు. 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని సొంత డబ్బుతో తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాల ప్రారంభించారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను ఆయన కోరినవి రెండే. వేధశాలకు తన పేరు కాకుండా నిజామియా అని పేరు పెట్టాలి. తన తర్వాత దాన్ని ప్రభుత్వం నడపాలి.

1907లో ఆయన కన్నుమూశారు. అప్పటికి చెప్పుకోదగ్గ ఫలితం ఒక్కటీ రాలేదు. పని అక్కడితో ఆగిపోయి ఉండేదే. కానీ ముందే కోరి ఉంచిన మాట నిలిచింది. 1908లో ప్రభుత్వం వేధశాలను చేతిలోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది.

1887లో పారిస్‌లో ప్రపంచ వేధశాలలు మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీయాలని నిశ్చయించి, తలా ఒక భాగం పంచుకున్నాయి. ఆ బృహత్కార్యంలో భారతదేశం నుంచి చేరింది నిజామియా ఒక్కటే. రాత్రుళ్లు గాజు పలకల మీద ఫొటోలు తీయడం, ఒక్కో నక్షత్రం స్థానాన్ని చేత్తో కొలిచి రాయడం, ఇదీ పని. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ ఒకరి తర్వాత ఒకరు డైరెక్టర్లుగా దాన్ని ముందుకు నడిపారు. లక్షల నక్షత్రాల వివరాలు 12 సంపుటాలయ్యాయి. నవాబు కొన్న పెద్ద దూరదర్శిని మాత్రం 1922లో గానీ పనిలోకి రాలేదు. ఆయన పోయి అప్పటికి పదిహేనేళ్లు.

ఆ వేధశాలలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు అక్కడే నక్షత్రాలు చూస్తూ పెరిగాడు. విద్యార్థిగా ఉండగానే వెలుగు మారే నక్షత్రాల మీద వ్యాసాలు రాశాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆ అబ్బాయే వైను బప్పు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. నవాబు ఆ పిల్లవాణ్ని ఎన్నడూ చూడలేదు.

ఆ పాత కొలతలూ వృథా కాలేదు. నక్షత్రాలు వందేళ్లలో ఎంత జరిగాయో లెక్కకట్టడానికి, 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో వాటిని ఉపగ్రహ కొలతలతో పోల్చి చూశారు.

ప్రతి నెలా మార్కుల కాగితం చేతికి రాగానే మనకు కంగారు మొదలవుతుంది. పెట్టిన ఫీజుకు ఫలితం వెంటనే కనిపించాలనిపిస్తుంది. అది సహజమే. అయితే మీ పిల్లల్లో ఇప్పుడు నాటుతున్నవాటిలో కొన్ని ఈ ఏడాది రిపోర్టులో కనపడవు. ఈ ఆదివారం రాత్రి మబ్బు లేకపోతే వాళ్లను మేడ మీదకు తీసుకెళ్లండి. ఫోన్ కింద వదిలేసి, ఓ అరగంట ఆకాశం చూపించండి. ఫిసల్‌బండ నవాబు కథ మీరే చెప్పండి.