అయ్యలసోమయాజుల లలిత

మన దేశములో ఇంజనీరింగు పట్టమును పొందిన తొలి మహిళలలో అయ్యలసోమయాజుల లలిత అగ్రగణ్యురాలు. ఆమె 1919వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన మదరాసు నగరమున ఒక తెలుగు కుటుంబములో జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాఖకు ఆచార్యులు. ఏడుగురు సంతానములో లలిత అయిదవది.

ఆ కాలపు ఆచారము ననుసరించి ఆమెకు పదునైదవ యేటనే వివాహము జరిగెను. కాని 1937లో భర్త అకాలమరణము చెందెను. అప్పటి కామె వయస్సు పదునెనిమిదేండ్లు. ఒడిలోని కూతురి వయస్సు నాలుగు నెలలు. ఆ దినములలో వితంతువు ఇంటి మూలనుండి జీవితము గడపుటయే ధర్మమని లోకము తలచుచుండెను. లలిత అందులకు తల యొగ్గలేదు. చదువుకొని, తన కాళ్లపై తాను నిలిచి, బిడ్డను పెంచవలెనని నిశ్చయించుకొనెను. పుట్టినింటివారు ఆమెకు అండగా నిలిచిరి.

క్వీన్ మేరీ కళాశాలలో ఆమె ఇంటర్మీడియట్ పరీక్షయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలయ్యెను. వైద్యవిద్య నభ్యసింపవలెనని మొదట తోచెను. కాని వైద్యురాలు వేళగాని వేళ బిడ్డను విడిచి పోవలసి యుండును. అందుచేత తండ్రివలెనే ఇంజనీరు కాదలచెను.

గిండీ కళాశాలలో అంతవరకు ఆడుపిల్లలకు ప్రవేశము లేదు. సుబ్బారావుగారు ప్రిన్సిపాలు కె.సి. చాకోగారికి కూతురి కోరికను తెలిపిరి. ఆయన సమ్మతించెను. విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎమ్. స్టాథాముగారును అనుమతి నొసగెను. 1940లో లలిత విద్యుచ్ఛాఖలో చేరెను. వందలకొలది యువకుల నడుమ ఆమె యొక్కతెయే విద్యార్థిని. కొలది కాలమునకు పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి సివిల్ శాఖలో చేరి ఆమెకు తోడైరి. లలిత వసతిగృహమున నుండి చదువుచు, వారాంతమున ఇంటికి వచ్చి కూతురిని చూచుకొనెడిది. 1943లో పట్టభద్రురాలయ్యెను. పట్టాలో పురుషవాచకమే అచ్చై యుండుటచే దానిని కొట్టివేసి స్త్రీవాచకమును వ్రాయవలసి వచ్చెను.

ఆమె జమాల్పూరు రైల్వే కర్మాగారములో పని నేర్చి, సిమ్లాలో కొంతకాలము ఉద్యోగము చేసెను. తరువాత పరిశోధనలలో తండ్రికి తోడ్పడెను. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరెను. ఆనకట్టలవద్ద పుట్టిన విద్యుత్తును దూరమునకు గొనిపోవునపుడు దారిలో నష్టము తగ్గుటకై దాని పీడనమును హెచ్చించి, ఊళ్ల సమీపమున మరల తగ్గింపవలెను. ఇందులకు తగిన తీగమార్గములను, ఉపకేంద్రములను రూపొందించుట ఆమె పని. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుదుత్పత్తి యంత్రముల పనిలోను ఆమెకు పాలు గలదు.

లలిత పుట్టిన 1919లోనే లండనులో మహిళా ఇంజనీర్ల సంఘము నెలకొనెను. అమెరికాలో అట్టి సంఘము 1950లో ఏర్పడెను. ఒంటరిగా పనిచేయు స్త్రీలకు తోడు కల్పించుట, బాలికలను ఈ విద్యకు ప్రోత్సహించుట వీని ఆశయములు. 1964లో న్యూయార్కు నగరమున మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభ జరిగెను. లలిత కందులకు ఆహ్వానము వచ్చెను. కాని మన దేశమున అట్టి సంఘము లేనందున ఆమెను ప్రతినిధిగా పంపువారు లేకపోయిరి. ఆమె స్వయముగనే పోయి సభలో పాల్గొనెను. 1965లో లండను సంఘమున సభ్యురాలయ్యెను. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండవ సభ జరుగునపుడు మన దేశపు మహిళా ఇంజనీర్లు అయిదుగురు దానికి పోవునట్లు ఏర్పాటు చేసెను. మూడేండ్ల క్రిందట తనకు లేని తోడును ఆమె యితరులకు కల్పించెను.

1977లో లలిత ఉద్యోగవిరమణ చేసి, 1979లో అరువదవ యేట కన్నుమూసెను. నేడు కోనసీమలో అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల బాలికలు ఇంజనీరింగు విద్య నభ్యసించుట వింత కాదు. వారి పట్టాలలో ఏ మాటను కొట్టివేయ నవసరము లేదు. ఈ మార్పునకు దారి చూపినవారిలో లలిత యొకతె. తాను ముందునకు సాగుటయే గాక వెనుక వచ్చువారికి చేయూత నిచ్చిన ఆమె జీవితము మనకు ఆదర్శప్రాయము.