పన్నెండు బిట్ల యంత్రం చేయించిన రావు గారు

జగిత్యాలకు వచ్చినప్పుడల్లా మా బ్యాచ్ వాళ్లు నా ఉద్యోగమేమిటని అడుగుతారు. కొత్త ప్రాసెసరు వస్తే దాని మీద ఆపరేటింగ్ సిస్టం నడిచేటట్టు చేయడం నా పని. ఆ పని చెప్పాలంటే అయ్యగారి సాంబశివరావు గారి కథ చెప్పడమే నాకు తేలిక. హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ బస్సు ఎక్కినవాళ్లలో ఆ పేరు ఎవరిదో అడిగినవాళ్లు తక్కువే.

ఆయన 1914లో భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదువుకొని, తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు మొదలైనప్పుడు దాని కంట్రోలు వ్యవస్థ వెనక ఉన్నది ఆయనే. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పెట్టి, దాన్ని ఆయన చేతిలో పెట్టారు. సిరిసిల్లలో మా మేనమామ ఇంట్లో ఈసీ టీవీ ముందు చాపలేసుకొని కూర్చున్న పిల్లల్లో నేనొకణ్ణి. అది ఎవరి పుణ్యమో అప్పుడు తెలియదు.

టీవీకన్నా నాకు ముఖ్యం 1969 నాటి టీడీసీ-12 కంప్యూటరు. డిజైను ట్రాంబేది, తయారీ ఈసీఐఎల్‌ది. ప్రాసెసరు ఒక్కసారికి పట్టుకునే ముక్క 12 బిట్లు, అంటే 4096 రకాల విలువలు. డెబ్బైల్లో వచ్చిన టీడీసీ-316లో అది 16 బిట్లు, 65,536 విలువలు. పెరిగింది నాలుగు బిట్లే కదా అనిపిస్తుంది. కానీ సిరిసిల్ల వాళ్లకు చెప్పనక్కర్లేదు: సాంచా పన్న మారితే పాత భీము దాని మీద కూర్చోదు. మెషీన్ భాషలో పాతదానికి రాసిన ప్రోగ్రాము కొత్తదాని మీద అలాగే నడవదు, తిరగ రాయాల్సిందే. బయటి నుంచి కొనుక్కుంటే ఈ తిప్పలుండేవి కావు. కానీ యంత్రం లోపల ఏముందో మనవాళ్లకు తెలిసేదీ కాదు. నన్నడిగితే, ఆ తిరగ రాయడంలో తయారైన ఇంజనీర్లే ఆ యంత్రాలకన్నా ఎక్కువ విలువైనవాళ్లు.

ఇప్పుడు లినక్స్ లాంటి సిస్టంలో ఎక్కువ భాగం అన్ని ప్రాసెసర్లకూ ఒక్కటే. రిజిస్టర్లను, మెమరీని, ఇంటరప్టులను నేరుగా తాకే చిన్న భాగం మాత్రం ప్రాసెసరుకొకటి రాస్తాం. నా ముప్పై ఏళ్ల నౌకరీ అంతా ఆ చిన్న భాగంలోనే గడిచింది. ఒకసారి పాత ప్రాసెసరు లెక్కనే కొత్తదానికీ పెట్టి, రెండు వారాలు తల పట్టుకున్నాను.

రావు గారికి 1972లో పద్మభూషణ్ వచ్చింది. 2003లో పోయారు. 2019 ఎన్నికలు చూడలేదు. పసుపు రైతులు పంతం పట్టి నామినేషన్లు వేయడంతో నిజామాబాదు లోక్‌సభ స్థానంలో 185 మంది నిలబడ్డారు. మన జగిత్యాల, కోరుట్ల అందులోవే. దేశంలో ఓటింగ్ యంత్రాలు చేసేవి రెండే సంస్థలు: బెంగళూరు బెల్, మన ఈసీఐఎల్. పాత ఎం-2 రకం 64 పేర్లకు మించి పట్టదు. 384 దాకా పట్టే ఎం-3 రకం తెప్పించి, బూత్‌కు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కలిపి పెట్టారు. కోరుట్లలో మా అమ్మ ఆ పన్నెండు పెట్టెల చుట్టూ తిరిగి, తనకు కావలసిన పేరు వెతుక్కొని మీట నొక్కి వచ్చింది.