కరోలిన్ హెర్షెల్

యురేనస్ గ్రహమును 1781లో కనుగొనిన విలియం హెర్షెల్ పేరు మన విద్యార్థులు వినియే యుందురు. ఆయన చెల్లెలిని ఎరిగినవారు తక్కువ. ఆమెను గూర్చి యిచట కొంత వ్రాయదలచితిమి.

కరోలిన్ 1750 మార్చి 16న జర్మనీ దేశమందలి హానోవరు నగరమున జన్మించెను. పదియవ యేట విషజ్వరము సోకి ఆమె యెదుగుదల నిలిచిపోయెను. పెద్దదైన పిదపను ఆమె యెత్తు నాలుగడుగుల మూడంగుళములే. తండ్రి చదువు చెప్పింపగోరెను గాని, తల్లికి కూతురు ఇంటిపనికి అక్కరకు వచ్చిన చాలును. 1772లో విలియం ఆమెను ఇంగ్లండులోని బాత్ పట్టణమునకు తీసికొనిపోదలచి, ఆమెకు మారుగా పనిమనిషిని పెట్టుకొనుటకు తల్లికి సాలుసరి సొమ్మేర్పరచెను. అంతవరకు ఆ బిడ్డ చేసిన చాకిరికి వెల యున్నదని ఆ యింట నెవ్వరికిని తోచలేదు కాబోలు!

బాత్‌లో ఆమె గానము నేర్చి సభలలో పాడి పేరొందెను. బర్మింగుహాము నుండి పిలుపు వచ్చినను అన్నను విడిచి పాడనని మానుకొనెను. 1782లో విలియం రాజుగారి వద్ద సాలుకు 200 పౌనుల వేతనమునకు కుదిరి సంగీతమును వదలగా, ఆమె వృత్తియు దానితోనే ముగిసెను. అటుపై రాత్రులు ఆయన దూరదర్శినిలో చూచి చెప్పినది వ్రాయుట, పగలు లెక్కలు కట్టుట ఆమె పని.

1786 ఆగస్టు 1న, అన్న యూర లేనప్పుడు, ఆమె స్వయముగా ఒక తోకచుక్కను కనుగొనెను. మరుసటి యేట రాజు ఆమెకు సాలుకు 50 పౌనులు మంజూరు చేసెను. అన్న వేతనములో అది నాలుగవ వంతు. ఆమె సహాయకురాలే గదా, భేదము న్యాయమే యని కొందరందురు. మేమట్లు తలపము. 1797 నాటికి ఆమె కనుగొనిన తోకచుక్కలు ఎనిమిది. ఫ్లామ్‌స్టీడ్ నక్షత్రపట్టికను ఆమె శోధించి, అందు విడిచిపోయిన 560కి పైగా నక్షత్రములను చేర్పగా, రాయల్ సొసైటీ దానిని 1798లో ప్రకటించెను. ఆ సంఘము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనినది 1945లో! అయినను ఆమె తనకు ముట్టిన మొదటి 12 పౌనుల 10 షిల్లింగులను చూచి పొంగిపోయెను. తన యిష్టము చొప్పున వెచ్చింపదగిన సొమ్ము ఆమెకు ముప్పది యేడవ యేట గాని చేతికి రాలేదు.

1822లో అన్న గతింపగా ఆమె హానోవరు చేరి, మేనల్లుడు జాన్ కొరకు 2,500 నెబ్యులాల పట్టిక సిద్ధపరచెను. అందులకు 1828లో రాయల్ ఖగోళ సంఘము స్వర్ణపతకమిచ్చెను. ఆ పతకము మరియొక స్త్రీకి, వేరా రూబిన్‌కు, లభించునప్పటికి 1996 వచ్చెను. 1848 జనవరి 9న, తొంబదియేడేండ్ల వయస్సున, కరోలిన్ కన్నుమూసెను. ఆమె శవపేటికలో అన్న తలవెండ్రుకల పాయను, తండ్రి వాడిన పాత పంచాంగమును ఉంచిరి.