విద్యాధనమును పంచిన బ్రౌను

పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో తెలుగు కావ్యములు పెక్కు అచ్చునకు నోచుకొనలేదు. అవి తాటాకు ప్రతులుగా పండితుల యిండ్ల అటకలపై చెదపురుగుల పాలగుచుండెను. ఉన్న యొక్క ప్రతి నశించినచో కావ్యమే నశించు దినములవి. అట్టి ప్రతులను వెదకించి, పరిష్కరింపజేసి, లోకమునకు పంచియిచ్చిన ధన్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. బ్రౌను 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువున చెన్నపట్టణము చేరెను. అచట తెలుగు నేర్చుకొని, 1820లో ఉద్యోగియై కడపకు వెళ్లెను.

1824లో ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన గ్రంథమును చదువుచు ఆయన వేమనను గూర్చి తెలిసికొనెను. పద్యముల ప్రతులను తెప్పించి చూడగా పాఠము ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా నుండెను. వానినెల్ల పోల్చి సరిచూచి, 1829లో ఆంగ్లానువాదముతో వేమన పద్యములను ప్రచురించెను. కడపలో ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను తన జీతపు సొమ్ముతో పోషించెను. ఒక కావ్యమునకు పలుప్రతులు సంపాదించి, పాఠభేదములను గుర్తించి, శుద్ధప్రతి వ్రాయించుటయే అచటి పని. అందుకై అప్పులు చేయుటకును ఆయన వెనుదీయలేదు. కడపలోను మచిలీపట్టణములోను ఉచిత పాఠశాలలను నడపెను.

1832-33లో గుంటూరు మండలమున ఘోరమైన కరవు సంభవించెను. పల్నాటి సీమ నాడు ఆ మండలములోనిదే. ప్రజల నాదుకొనుటకు బ్రౌను ముందుగానే పూనుకొనెను. పై యధికారులకు కరవను మాట రుచింపకున్నను, ఆయన కరవును కరవనియే వ్రాసెను. 1834లో స్వదేశమునకు వెళ్లినప్పుడు, లండనునందలి కంపెనీ గ్రంథాలయమున మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి, వానిని చెన్నపట్టణమునకు పంపించెను. 1837లో తానును తిరిగి వచ్చెను.

అంత వ్యయప్రయాసలతో కూర్చిన గ్రంథరాశిని ఆయన తన బీరువాలో దాచుకొనలేదు. 1845లో దానిని మద్రాసు లిటరరీ సొసైటీకి దానమొసగెను. ఆ ప్రతులు పిదప చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరెను. 1840లో తెలుగు వ్యాకరణమును, 1852లో నిఘంటువును వెలువరించెను. 1855లో ఇంగ్లండునకు మరలిపోయి, 1865లో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12వ తేదీన కన్నుమూసెను.

బ్రౌను 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రమును అచ్చువేయించెను. ఆ యొక్క పుస్తకమున మువ్వురి కృషి కలదు. కావ్యము అల్లసాని పెద్దనది, వ్యాఖ్య అప్పయ్యది, ప్రచురణ బ్రౌనుది. ఎవరి శ్రమ వారిదని గుర్తించు ధర్మమే నేడు గ్రంథస్వామ్యము, అనగా కాపీరైటు, అను పేర చట్టమైనది. మన దేశమున 1957 నాటి చట్టము అమలులో నున్నది. దాని ప్రకారము రచయిత జీవించినంతకాలమును, మరణించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లును ఆ హక్కు నిలుచును. పిదప రచన సర్వజనుల సొత్తగును. కనుక వేమన పద్యములు అందరివి. వానికి నేడొకరు వ్రాసిన టీక మాత్రము ఆ టీకాకారునిది. తరగతిలో పాఠము చెప్పుటకును, నేర్చుకొనుటకును రచనలను వాడుకొనుటకు చట్టము వీలు కల్పించినది. అనుమతి లేక అచ్చొత్తి అమ్ముకొనుట మాత్రము తగదు.

అంతకాలము వేచియుండనక్కరలేదని తలంచు రచయితలును కలరు. వారు హక్కును తమయందే యుంచుకొని, కర్త పేరు చెప్పుట మొదలగు నియమములతో, ఎల్లరును తమ రచనను పంచుకొనవచ్చునని ముందుగానే అనుమతి నొసగుదురు. 2002లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ అనుమతిపత్రములు అట్టివే. తెలుగు వికీపీడియా వ్యాసములు ఈ పద్ధతినే లోకమునకు అందుచున్నవి.

బ్రౌను నిఘంటువుపై నేడు ఎవరి హక్కును లేదు. చికాగో విశ్వవిద్యాలయము దానిని అంతర్జాలమున నుంచినది. పల్లెటూరి బాలుడును పైకము చెల్లింపకయే అందు పదమును వెదకుకొనవచ్చును. కడపలో ఆయన బంగళా యున్న తావున ఆయన పేర గ్రంథాలయము వెలసినది. ఆ నిఘంటువునుండి ఒక యర్థమును తన వ్యాసమున చేర్చుకొను విద్యార్థి, క్రింద బ్రౌను పేరు వ్రాయుట మరువరాదు. దాచినది చెదల పాలగును, పంచినది నిలుచును, పంచినవాని పేరు తలచుట పుచ్చుకొన్నవాని ధర్మము.