సర్ స్టాన్లీ మాథ్యూస్

క్రీడాకారుని వృత్తిజీవితము స్వల్పకాలికమైనది. కవి వృద్ధాప్యమునందును కావ్యమును రచింపగలడు. గాయకుడు నెరసిన తలతో సభను రంజింపజేయగలడు. కాని ఫుట్‌బాలు ఆటగాడు ముప్పదియైదవ యేట అడుగిడునప్పటికి అతని కాళ్లు బరువెక్కును, ఊపిరి చాలకుండును. మైదానమున అతని స్థానమును పడుచువాడొకడు ఆక్రమించును. ఇది లోకరీతి. ఈ రీతికి లొంగక 50 ఏండ్లు నిండిన పిదపకూడ ఇంగ్లండు దేశపు ప్రథమశ్రేణి పోటీలో ఆడిన వీరుడు సర్ స్టాన్లీ మాథ్యూస్. ఆ శక్తి అతనికి ఒక్కనాట లభించినది కాదు. దానిని అతడు దినదినము సంపాదించుకొనెను.

ఇంగ్లండు నడిమిభాగమున స్టోక్-ఆన్-ట్రెంట్ అను నగరము కలదు. అది పింగాణీ పాత్రల పరిశ్రమకు ప్రసిద్ధి కెక్కినది. ఆ నగరములో చేరిన హాన్లీ పట్టణమునందు 1915 వ సంవత్సరము ఫిబ్రవరి 1 వ తేదీన స్టాన్లీ జన్మించెను. నలుగురు అన్నదమ్ములలో అతడు మూడవవాడు. తండ్రియైన జాక్ మాథ్యూస్ క్షౌరవృత్తిచే కుటుంబమును పోషించుచుండెను. దుకాణమున కత్తెర పట్టిన ఆ చేతులే ముష్టియుద్ధరంగమున తోలు తొడుగులు ధరించెడివి. పోరాడు క్షురకుడని ఆ ప్రాంతపు జనులు అతనిని పిలుచుచుండిరి.

జాక్ మిక్కిలి క్రమశిక్షణ గలవాడు. ప్రాతఃకాలముననే కుమారులను నిద్రలేపి, కిటికీ తెరపించి, వారిచేత వ్యాయామము చేయించుచుండెను. స్టాన్లీని ముష్టియోధునిగా తీర్చిదిద్దవలెనని అతని ఆశ. కాని బాలుని మనసు బంతిమీద నిలిచెను. వీధులలోను, ఖాళీస్థలములలోను అతడు చిన్న రబ్బరుబంతిని కాలితో ఆడించుచు కాలము గడుపుచుండెను. తండ్రి కోపింపలేదు. చదువు ముగియులోపల ఇంగ్లండు పాఠశాలల జట్టునకు ఎన్నికయైనచో ఫుట్‌బాలునే వృత్తిగా గైకొనవచ్చునని అతడు కుమారునికి ఒక గడువు విధించెను. స్టాన్లీ ఆ గడువులోపలనే 1929 లో ఎన్నికయ్యెను. తండ్రి తన ఆశను విడిచి మాట నిలుపుకొనెను.

15 వ యేట స్టాన్లీ తన ఊరి జట్టగు స్టోక్ సిటీ కార్యాలయమున వారమునకు ఒక పౌను జీతముపై చిన్న ఉద్యోగిగా చేరెను. 17 వ పుట్టినరోజున వృత్తిక్రీడాకారునిగా ఒప్పందముపై సంతకము చేసెను. 1932 మార్చి 19 న తన మొదటి లీగు పందెమాడెను. అతనికి లభించిన స్థానము కుడి వింగర్. వింగ్ అనగా రెక్క. పక్షికి రెక్కలవలె ఆనాటి జట్టునకు ఇరువైపుల ఇరువురు వింగర్లుండెడివారు. మైదానపు అంచున బంతిని గైకొని, ఎదిరిపక్షపు రక్షకుని దాటి, గోలుముందు నిలిచిన తనవారికి బంతిని అందించుట వారి విధి. గోలు వేసిన కీర్తి తరచుగా ఇతరులకు దక్కును. దానికి దారి తీయు శ్రమ వింగరుది.

మాథ్యూస్ ఆట చూపరులకు వింత గొలుపుచుండెను. బంతి అందగనే అతడు తొందరపడడు. దానిని పాదముకడ నిలుపుకొని, రక్షకుడు సమీపించువరకు నెమ్మదిగా ముందునకు సాగును. రెండడుగుల దూరమునకు రాగానే శరీరమును ఎడమవైపునకు వంచును. అతడు ఆవైపునకే పోవుచున్నాడని తలచి రక్షకుడు ఒరిగిన క్షణమున, కుడిపాదపు వెలుపలి అంచుతో బంతిని కుడివైపునకు తట్టి, వింటినుండి వెడలిన బాణమువలె దూసికొనిపోవును. ఇందు రహస్య మేమియు లేదు. ఇంగ్లండులోని రక్షకులందరును ఈ ఎత్తును ఎరిగినవారే. ఎరిగియు దానిని ఆపగలిగినవారు అరుదు. ఏలయన ఆ ఎత్తు వెనుక మొదటి కొన్ని గజములలో మెరుపువంటి వేగము ఉండెను. ఆ వేగమును కాపాడుకొనుటకే అతడు ప్రతిదినము సాధన చేయుచుండెను.

1934 సెప్టెంబరులో అతడు ఇంగ్లండు జాతీయజట్టు పక్షమున వేల్సు దేశముతో మొదటిసారి ఆడి ఒక గోలు వేసెను. 1937 డిసెంబరు 1 న చెకోస్లొవేకియాపై మూడు గోలులు వేసి 5-4 తేడాతో విజయమును చేకూర్చెను. మరుసటి సంవత్సరము నిర్వాహకులతో అభిప్రాయభేదము కలిగి, స్టోక్ జట్టును విడిచిపోవ కోరెను. ఆ వార్త వినగనే పట్టణమునందు కలకలము చెలరేగెను. అతడు పోరాదని వేలకొలది జనులు సభ జరిపిరి. కుమ్మరి కార్ఖానాల కార్మికులకు వారమంతయు పొగలోను వేడిమిలోను పనిచేసిన పిదప శనివారమునాడు అతని ఆటయే వేడుక. వారి ప్రేమకు తలయొగ్గి అతడు అక్కడనే నిలిచెను.

ఆ 1938 మే నెలలోనే ఇంగ్లండు జట్టు బెర్లిను నగరమునకు పోయెను. జర్మనీ అప్పుడు హిట్లరు పాలనమున నుండెను. ఆటకు పూర్వము నాజీ పద్ధతిని చేయి చాచి వందనము చేయవలెనని అధికారులు ఆటగాండ్రను ఆజ్ఞాపించిరి. మనసొప్పకున్నను వారు ఆజ్ఞను పాటించిరి. పిదప ఆటలో జర్మనులను 6-3 తేడాతో ఓడించిరి. మాథ్యూస్ అందొక గోలు వేసెను. అయినను ఆ విజయముకంటె ఆ వందనముయొక్క చిత్రమే లోకమునకు ఎక్కువగా గుర్తుండెను.

1939 లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. లీగు పోటీలు నిలిచిపోయెను. 24 ఏండ్ల వయసున, బలము పరిపూర్ణమైన కాలమున, మాథ్యూస్ వైమానికదళమున చేరెను. ఆటగాని జీవితములోని శ్రేష్ఠమైన ఆరు సంవత్సరములు అట్లు గడచిపోయెను. 1945 లో తండ్రి మరణించెను. ఆతడు మరణశయ్యనుండి కుమారుని రెండు విషయములు కోరెను. తల్లిని చక్కగా చూచుకొనుట మొదటిది. ఇంగ్లండులో అన్నిటికంటె పూజ్యమైన ఎఫ్.ఏ. కప్పు పతకమును గెలుచుట రెండవది. మొదటి కోరిక తీర్చుట కుమారుని చేతిలోనున్నది. రెండవది అతనియొక్కని చేతిలో లేదు.

1947 లో స్టోక్ సిటీ అతనిని 11,500 పౌనులకు బ్లాక్‌పూల్ జట్టునకు ఇచ్చివేసెను. అప్పటికి అతని వయస్సు 32. ఇక రెండు మూడు సంవత్సరములకు మించి ఆడజాలడని పలువురు తలచిరి. బ్లాక్‌పూల్ సముద్రతీర పట్టణము. తెల్లవారుజామున, పట్టణము నిద్రించుచుండగా, మాథ్యూస్ ఒంటరిగా ఇసుకపై పరుగెత్తుచుండెను. మద్యమును ముట్టడు. పొగ త్రాగడు. మాంసాహారమును విడిచి పండ్లు, కూరలు తినుచుండెను. క్యారెట్టు రసము త్రాగుచుండెను. ప్రతి సోమవారము ఉపవాసముండెను. ఇది వ్రతము కాదు. దేహమునకు విశ్రాంతి నొసగు ఉపాయము. ఆటగాండ్రకు ఇంత మొత్తమునకు మించి జీతమీయరాదను నియమము 1961 వరకు ఇంగ్లండున అమలులో నుండెను. అందుచేత ఎన్ని వేలమంది అతనిని చూడవచ్చినను అతనికి దొరకిన జీతము స్వల్పమే.

1948 లో బ్లాక్‌పూల్ ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీకి చేరెను. మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 4-2 తేడాతో ఓడెను. 1951 లో మరల చేరి న్యూకాసిల్ చేతిలో ఓడెను. తండ్రి కోరిక తీరుట కల్లయని లోకులు నిశ్చయించిరి. 1953 మే 2 వ తేదీన మూడవ అవకాశము లభించెను. ఆనాటికి మాథ్యూస్ వయస్సు 38. ప్రత్యర్థి బోల్టన్ జట్టు. వెంబ్లీ మైదానమున లక్షమంది ప్రేక్షకులు కూడిరి. మరుసటి నెలలో పట్టాభిషేకము జరుగనున్న ఎలిజబెత్ రాణియు విచ్చేసెను.

ఆట మొదలైన రెండు నిమిషములలోపలనే బోల్టన్ గోలు వేసెను. ఆట మూడింట రెండు వంతులు గడచునప్పటికి బోల్టనుకు 3 గోలులు, బ్లాక్‌పూల్‌కు ఒక్కటియే. ఇరువదియించుమించు నిమిషములు మాత్రమే మిగిలెను. అప్పుడు బంతి మరల మరల కుడి అంచున నిలిచిన మాథ్యూస్ కడకు రాసాగెను. బోల్టన్ ఎడమవైపు ఆటగాండ్రు గాయములచేతను కండరముల నొప్పిచేతను కుంటుచుండిరి. గాయపడినవానికి బదులు మరియొకని దింపు పద్ధతి ఆనాడు లేదు. మాథ్యూస్ ఆ అంచున చొచ్చుకొనిపోయి అందించిన బంతిని మార్టెన్‌సన్ గోలుగా మలచెను. చివరి నిమిషములలో మార్టెన్‌సన్ మరియొక గోలు వేయగా ఇరుపక్షములు సమానమయ్యెను. రెఫరీ ఈల వేయు సమయము ఆసన్నమయ్యెను. మాథ్యూస్ మరియొకసారి రక్షకుని దాటి, జారిపడుచునే బంతిని వెనుకకు అందించెను. బిల్ పెర్రీ దానిని గోలులోనికి తన్నెను. 4-3 తేడాతో బ్లాక్‌పూల్ గెలిచెను. తండ్రి గతించిన ఎనిమిదేండ్లకు కుమారుడు ఆ పతకమును రాణి చేతినుండి అందుకొనెను.

ఆ పోటీకి జనులు మాథ్యూస్ తుదిపోటీ అని పేరు పెట్టిరి. ఆ పేరు అతనికి రుచింపలేదు. మూడు గోలులు వేసిన మార్టెన్‌సన్ పేరు పెట్టుటయే న్యాయమని అతడు జీవితాంతము చెప్పుచుండెను.

1956 లో ఐరోపా ఖండపు ఉత్తమ ఆటగానికి ఒసగు బంగారుబంతి బహుమానము క్రొత్తగా నెలకొల్పబడెను. దానిని మొట్టమొదట పొందినవాడు 41 ఏండ్ల మాథ్యూస్. 1957 మే నెలలో, 42 ఏండ్ల వయసున, అతడు ఇంగ్లండు పక్షమున తన 54 వ పందెమును, చివరి పందెమును ఆడెను.

1961 లో అతడు స్టోక్ సిటీకి తిరిగి వచ్చెను. జట్టు రెండవశ్రేణికి దిగజారి యుండెను. అంతకుముందటి పందెమునకు 8 వేలమంది మాత్రమే రాగా, అతడు తిరిగి వచ్చిన దినమున 35 వేలకు పైగా జనులు క్రిక్కిరిసిరి. 1963 లో స్టోక్ రెండవశ్రేణిలో ప్రథమస్థానమును పొంది పైశ్రేణికి ఎక్కెను. ఆ ఉన్నతిని నిశ్చయపరచిన పందెమున 48 ఏండ్ల మాథ్యూస్ గోలు వేసెను. ఆ సంవత్సరము లీగులో అతడు వేసిన గోలు అదియొక్కటే. 1933 లో బాలుడుగా నున్నప్పుడు ఇదే జట్టుతో ఇదే విజయమును చవిచూచిన అతడు 30 ఏండ్లకు మరల దానిని పొందెను.

1965 లో అతనికి సర్ బిరుదము లభించెను. వృత్తిక్రీడలో ఇంకను ఆడుచుండగనే ఆ గౌరవమును పొందిన ఫుట్‌బాలు ఆటగాడు అతడు. ఆ ఫిబ్రవరి 6 న, 50 ఏండ్లు నిండిన అయిదవదినమున, ప్రథమశ్రేణిలో తన చివరి లీగు పందెమాడెను. దాదాపు 700 లీగు పందెములలో రెఫరీ ఒక్కసారియైనను అతని పేరు తప్పిదమునకై వ్రాసికొనలేదు. రక్షకులు కాళ్లపై తన్నినను, బట్టలు పట్టి లాగినను అతడు తిరిగి కొట్టలేదు. ముష్టియోధుని కుమారునికి చేతకాక కాదు. మరల బంతిని గైకొని వారిని దాటిపోవుటయే అతని ప్రత్యుత్తరము.

అటుపిమ్మట అతడు పోర్ట్ వేల్ జట్టు నిర్వాహకుడై, పడుచువారిని చేరదీసి తీర్చిదిద్ద బూనెను. ఆ పనిలో నియమములు సరిగా పాటింపబడలేదు. బాలక్రీడాకారులకు అక్రమముగా ధనము చెల్లింపబడెనని 1968 లో లీగు ఆ జట్టును బహిష్కరించి, తరువాత మరల చేర్చుకొనెను. ఆటలో కళంకమెరుగని వానికి నిర్వహణలో ఈ మచ్చ యేర్పడెను. అతడు ఆ పదవిని విడిచెను.

అంతకు చాలకాలము ముందునుండియే అతడు వేసవి సెలవులలో ఆఫ్రికాకు పోయి పేద బాలురకు ఆట నేర్పుచుండెను. దక్షిణాఫ్రికాలో నల్లవారిని తెల్లవారినుండి వేరుచేయు చట్టములు అప్పుడు అమలులో నుండెను. నివాసములు వేరు, బడులు వేరు, ఆటస్థలములు వేరు. 1975 లో మాథ్యూస్ జొహాన్నెస్‌బర్గ్ సమీపముననున్న సొవేటోలో నల్లజాతి విద్యార్థులతో ఒక జట్టును కూర్చెను. బ్రెజిల్ దేశమున ఆడవలెనని ఆ బాలుర కల. ఆ కల అసాధ్యమని అందరును తలచుచుండగా అతడు ధనము సమకూర్చి, అనుమతులు సంపాదించి, వారిని సముద్రము దాటించి బ్రెజిలుకు కొనిపోయెను. ఒకనాడు బెర్లినులో ఆజ్ఞకు లోబడి చేయి చాచిన అతడు, 60 వ యేట ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక ఆ బాలుర చేయి పట్టుకొనెను.

2000 వ సంవత్సరము ఫిబ్రవరి 23 న, 85 ఏండ్ల వయసున, మాథ్యూస్ దివంగతుడయ్యెను. అతని అంతిమయాత్రను చూచుటకు స్టోక్ వీధులలో లక్షమంది నిలిచిరి. అతని చితాభస్మమును స్టోక్ సిటీ మైదానమున మధ్యవృత్తము క్రింద ఉంచిరి. ఆ మైదానమున ప్రతి పందెమునందును బంతి మొదట కదలునది ఆ చోటినుండియే.