తటస్థతను నమ్మని సంపాదకుడు హెన్రీ లూస్

1944 చివరి నెలల్లో చైనా యుద్ధకాలపు రాజధాని చోంగ్‌చింగ్ నుంచి ‘టైమ్’ విలేకరి థియడోర్ వైట్ పంపిన కథనం ఒకటి. న్యూయార్క్‌లో అచ్చయి పాఠకుల చేతికందినది మరొకటి. చియాంగ్ కై షేక్ ప్రభుత్వం అవినీతిలో కూరుకుపోయిందని, ప్రజల విశ్వాసాన్ని పోగొట్టుకుందని వైట్ రాశారు. విదేశీ వార్తల సంపాదకుడు విట్టేకర్ చాంబర్స్ దానిని తిరగరాసేసరికి, అదే చియాంగ్ కమ్యూనిజానికి అడ్డుకట్టగా నిలిచిన నాయకుడయ్యారు. విలేకరి తీవ్రంగా నిరసించారు. పత్రిక అధిపతి, ప్రధాన సంపాదకుడు హెన్రీ రాబిన్సన్ లూస్ మాత్రం చాంబర్స్ పక్షానే నిలిచారు.

వార్త ఎక్కడ ముగుస్తుంది, అభిప్రాయం ఎక్కడ మొదలవుతుంది అన్న వివాదం అమెరికా రాజకీయాల్లో నేటికీ చల్లారలేదు. ఆ రెంటి మధ్య గీత ఉండనక్కరలేదని బాహాటంగా నమ్మి, ఆ నమ్మకం మీదనే ఒక మహా పత్రికా సంస్థను నిర్మించిన వ్యక్తి లూస్.

మిషనరీ ఇంట బాల్యం

లూస్ 1898 ఏప్రిల్ 3న చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో జన్మించారు. తండ్రి హెన్రీ వింటర్స్ లూస్ ప్రెస్బిటేరియన్ మిషనరీ. చైనాలో క్రైస్తవ విద్యాసంస్థలకు విరాళాలు సేకరించడమే ఆయన జీవిత కార్యమైంది. బాలుడు చదివింది అక్కడి బ్రిటిష్ మిషనరీ పాఠశాలలో, బాధపడింది నత్తితో. అమెరికా ఆయనకు మొదట ఇంట్లో విన్న కథగానే పరిచయమైంది. పరాయి గడ్డ మీద పెరిగిన పిల్లవాడికి స్వదేశం లోపాలు లేని ఆదర్శంగా తోచింది. చైనాకు అమెరికా మేలు చేయగలదన్న తండ్రి విశ్వాసం కుమారునిలో జీవితాంతం చెక్కుచెదరలేదు.

పదిహేనో ఏట కనెటికట్‌లోని హాచ్‌కిస్ పాఠశాలలో చేరిన లూస్‌కు బ్రిటన్ హాడెన్ సహాధ్యాయి అయ్యారు. స్నేహితులే పోటీదారులు. యేల్ విశ్వవిద్యాలయంలోనూ ఇద్దరూ విద్యార్థి పత్రికలో కలిసి పనిచేశారు.

వారం వార్తలకు కొత్త అచ్చు

తీరిక లేని పాఠకుడికి వారం రోజుల ప్రపంచాన్ని క్రమపద్ధతిలో, క్లుప్తంగా అందించాలన్నది ఈ ఇద్దరి ఆలోచన. చేస్తున్న ఉద్యోగాలు వదులుకుని, తెలిసిన సంపన్నుల వద్ద 86 వేల డాలర్లు సమీకరించారు. 1923 మార్చి 3 తేదీతో ‘టైమ్’ తొలి సంచిక వెలువడింది. అప్పటికి ఇద్దరి వయసూ దాదాపు పాతికేళ్లు.

పత్రిక శైలి ప్రధానంగా హాడెన్ సృష్టి. వాక్యంలో క్రియను ముందుకు లాగడం, వ్యక్తి పేరుకు ముందు విశేషణాలు గుదిగుచ్చడం, రెండు మాటలను అతికి కొత్త మాట పుట్టించడం ఆ శైలి లక్షణాలు. సంస్కృత ‘పండిత’ శబ్దం నుంచి వచ్చిన ‘పండిట్’ అమెరికాలో రాజకీయ వ్యాఖ్యాతకు పర్యాయపదంగా వాడుకకెక్కడంలో ‘టైమ్’కు భాగముంది. రచయితల పేర్లు లేకుండా కథనాలు వచ్చేవి. క్షేత్రంలోని విలేకరి సమాచారం పంపితే కార్యాలయంలోని రచయిత దానిని కథగా మలిచేవాడు. సంపాదకుడు మళ్లీ దిద్దేవాడు. పత్రికంతా ఒకే గొంతుతో మాట్లాడినట్టు వినిపించేది. ఆ ఏర్పాటులోనే పత్రిక బలం, ప్రమాదం రెండూ ఉన్నాయి.

1929 ఫిబ్రవరిలో హాడెన్ 31వ ఏట కన్నుమూశారు. ఆ గొంతు ఇక లూస్‌దే. భారతీయులకు గుర్తుండే ఎంపిక ఒకటి ఆ తరువాత జరిగింది. ఉప్పు సత్యాగ్రహం సాగిన 1930కి గాను ‘టైమ్’ తన సంవత్సరపు వ్యక్తిగా గాంధీజీని ప్రకటించింది. 1931 జనవరి ఆరంభంలో ఆ సంచిక వెలువడే నాటికి ఆయన యరవాడ జైలులో ఉన్నారు.

బొమ్మల్లో ప్రపంచం

ఆర్థిక మాంద్యం కమ్ముకొస్తున్న 1930లో వ్యాపార మాసపత్రిక ‘ఫార్చూన్’ను లూస్ ధైర్యంగా ప్రారంభించారు. 1936 నవంబరులో ఛాయాచిత్రాల వారపత్రిక ‘లైఫ్’ వచ్చింది. దాని ఆదరణే తొలుత దానికి గండమైంది. తక్కువ అమ్మకాలను ఊహించి ప్రకటనల ధరలు ముందే ఖరారు చేసుకోవడంతో, ప్రతులు పెరిగేకొద్దీ నష్టం పెరిగింది. ధరలు సవరించుకున్నాక అది అమెరికన్ల ఇళ్లలో అత్యంత పరిచితమైన పత్రికల్లో ఒకటిగా నిలిచింది.

పత్రికే పార్టీకి అండ

లూస్ రిపబ్లికన్. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విధానాలంటే ఆయనకు గిట్టదు. 1940 ఎన్నికల్లో రూజ్‌వెల్ట్‌పై పోటీ చేసిన వెండెల్ విల్కీ పక్షాన ఆయన పత్రికలు గట్టిగా నిలిచాయి. ‘ఫార్చూన్’ సంపాదకుడు రసెల్ డావెన్‌పోర్ట్ ఉద్యోగం వదిలి విల్కీ ప్రచార బాధ్యతలే తలకెత్తుకున్నారు. విల్కీ ఓడిపోయారు. 1952లో ఐజన్‌హోవర్ పోటీ చేసినప్పుడు లూస్ సంస్థకు చెందిన సీడీ జాక్సన్, ఎమెట్ హ్యూస్ ఆయన ప్రసంగాలు రాశారు. ఈసారి గెలుపు దక్కింది. లూస్ భార్య, నాటక రచయిత్రి, మాజీ కాంగ్రెస్ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్ ఇటలీలో అమెరికా రాయబారిగా నియమితులయ్యారు.

1941 ఫిబ్రవరిలో ‘లైఫ్’లో రాసిన వ్యాసంలో ఇరవయ్యో శతాబ్దం అమెరికాదేనని, ప్రపంచ నాయకత్వాన్ని ఆ దేశం సంకోచించకుండా స్వీకరించాలని లూస్ వాదించారు. అయితే ప్రతి మితవాద కెరటంతోనూ ఆయన కొట్టుకుపోలేదు. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టుల వేట ఉద్ధృతంగా సాగుతున్న 1951లోనే ‘టైమ్’ అతణ్ని ముఖచిత్ర కథనంలో ఘాటుగా విమర్శించింది.

చైనా చేజారిన వేళ

పుట్టిన గడ్డ విషయంలో మాత్రం ఆయన కన్ను మసకబారింది. క్రైస్తవం స్వీకరించిన చియాంగ్‌లో తండ్రి తరం మిషనరీల కల నెరవేరడాన్ని లూస్ చూసుకున్నారు. చియాంగ్ దంపతులను 1937 సంవత్సరపు జంటగా ‘టైమ్’ ప్రకటించింది. వైట్ పంపిన హెచ్చరికలు పాఠకులకు చేరలేదు. 1946లో వైట్ సంస్థను వీడి, సహ రచయిత్రి అనలీ జాకబీతో కలిసి చైనా పరిస్థితిపై తన మాటను పుస్తకంగా చెప్పుకొన్నారు. 1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు. చియాంగ్ పతనానికి సిద్ధపడని పాఠకులకు లూస్ పత్రికలు ట్రూమన్ ప్రభుత్వాన్నే దోషిగా చూపాయి.

తానే వేయించిన కమిషన్

1942లో పత్రికా స్వేచ్ఛపై అధ్యయనం చేయాలని షికాగో విశ్వవిద్యాలయాధిపతి రాబర్ట్ హచిన్స్‌ను కోరింది లూసే. అందుకు ఆయన సంస్థ 2 లక్షల డాలర్లు ఇచ్చింది. 1947లో వెలువడిన నివేదిక వాస్తవాన్ని వాస్తవంగా, అభిప్రాయాన్ని అభిప్రాయంగా చూపాలని సూచించింది. విడి వాస్తవం చాలదని, దాని వెనుక సత్యాన్నీ చెప్పాలని కూడా పేర్కొంది. రెండో మాట లూస్ సిద్ధాంతానికి దగ్గరే. మొదటిది ఆయన ఆచరణకు దూరం. ఆ నివేదిక ఆయనకు సంతృప్తినివ్వలేదు. పత్రికల సామాజిక బాధ్యత సిద్ధాంతానికి మాత్రం అదే పునాది అయింది.

1963లో చరిత్ర పునరావృతమైంది. వియత్నాం యుద్ధం సక్రమంగా సాగడం లేదన్న సైగాన్ విలేకరులనే తప్పుపడుతూ ‘టైమ్’ కథనం ప్రచురించింది. తమ పత్రికే తమను నిందించడంతో చార్లెస్ మోర్, మెర్టన్ పెర్రీ రాజీనామా చేశారు. మరుసటి ఏడాది లూస్ ప్రధాన సంపాదకత్వం నుంచి వైదొలిగారు. 1967 ఫిబ్రవరి 28న ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో 68వ ఏట మరణించారు.

వైట్‌తో వైరం అప్పటికే సమసిపోయింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల చరిత్రకారుడిగా పులిట్జర్ బహుమతి అందుకున్న ఆయన తిరిగి ‘లైఫ్’కు రాశారు. ఇద్దరూ మళ్లీ స్నేహితులయ్యారు. చైనా గురించి 1944లో అచ్చుకాని ఆ కథనం మాత్రం నాటి పాఠకులకు అందనే లేదు.